ఇంటి ఫైర్‌వాల్ కంప్యూటర్: ఇంటర్‌ఫేస్, రూటింగ్ లోపాల నిర్ధారణ

ఇంటికి వచ్చే ఇంటర్నెట్ లైనుకూ, ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీ, సీసీ కెమెరాలకూ మధ్య కాపలాగా నిలబెట్టిన చిన్న కంప్యూటరే ఇంటి ఫైర్‌వాల్. దానికి కనీసం రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉంటాయి. బయటి లైను వచ్చి చేరే పోర్టును వ్యాన్ అనీ, ఇంటి పరికరాలవైపు ఉన్న పోర్టును ల్యాన్ అనీ అంటారు. ఈ పోర్టులనే సాంకేతిక పరిభాషలో ఇంటర్‌ఫేస్‌లంటారు. ఇంట్లోంచి పోయే ప్రతి ప్యాకెట్ (డేటా చిన్న మూట), ఇంట్లోకి వచ్చే ప్రతి ప్యాకెట్ ఈ కంప్యూటర్ గుండానే సాగాలి. అది నాలుగు పనులు చేస్తుంది: తీగ మీద వచ్చినదాన్ని అందుకోవడం, ఏ దారిన పంపాలో తేల్చడం, చిరునామా మార్చడం, పోనివ్వాలో ఆపాలో నిర్ణయించడం. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఇంట్లో వినబడే మాట ఒకటే: ‘నెట్ రావడం లేదు’. ఆ ఒక్క మాట వెనక ఏ పని తప్పిందో తేల్చడమే లోప నిర్ధారణ.

స్వరూపం, చరిత్ర

పాత డెస్క్‌టాప్‌లో రెండో నెట్‌వర్క్ కార్డు బిగించి గానీ, రెండు నుంచి నాలుగు పోర్టులున్న ఫ్యాన్‌లేని చిన్న పెట్టె కొని గానీ ఇంటి ఫైర్‌వాల్‌ను తయారుచేసుకుంటారు. దానిమీద నడిచేది చాలావరకు ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. లైనక్స్‌లో ప్యాకెట్లను వడపోసే నెట్‌ఫిల్టర్ పనిని రస్టీ రస్సెల్ 1998లో మొదలుపెట్టాడు. దాని ఆధారంగా పనిచేసే ఐపీటేబుల్స్ 2001 జనవరిలో లైనక్స్ 2.4తో వాడుకలోకి వచ్చింది. దాని వారసుడైన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ 2014 జనవరిలో లైనక్స్ 3.13లో చేరింది. బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల కుటుంబంలో పీఎఫ్ అనే వడపోత 2001లో ఓపెన్‌బీఎస్‌డీ 3.0తో పుట్టింది. దాన్ని వాడుకుని బ్రౌజర్‌లోనే అన్నీ సరిచేసుకునే వీలు కల్పించిన పీఎఫ్‌సెన్స్ 2004లో మోనోవాల్ అనే ఫైర్‌వాల్ ప్రాజెక్టు నుంచి చీలి మొదలైంది. పీఎఫ్‌సెన్స్ నుంచి 2015లో ఓపీఎన్‌సెన్స్ విడివడింది. చిన్న రూటర్ల మీద నడిచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కూడా 2004లో మొదలైనదే.

ఈ పరికరాలన్నిటికీ పునాది ప్రైవేటు చిరునామాల ఏర్పాటు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఇళ్లూ ఆఫీసులూ లోపల వాడుకోవడానికే కేటాయించినట్టు 1996 ఫిబ్రవరిలో ప్రమాణపత్రం వెలువడింది. అందుకే కర్నూలులోని ఒక ఇంట్లోనూ కడపలోని మరో ఇంట్లోనూ ఒకే 192.168.1.10 ఉన్నా పేచీ రాదు. అదే చిరునామా ఒకే ఇంట్లో రెండుచోట్ల తగిలినప్పుడే చిక్కు మొదలవుతుంది.

కర్నూలు, కడప నేపథ్యం

రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగడం దాని ప్రత్యేకత. ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే లైనులో ఇచ్చిన ఆ పథకంతో పాటు బీఎస్‌ఎన్‌ఎల్, ప్రైవేటు కంపెనీలు, ఊరి కేబుల్ ఆపరేటర్లు కూడా ఫైబర్ ఇవ్వడంతో పట్టణాల్లోనే కాక మండల కేంద్రాల్లోనూ ఇంటింటికీ ‘బాక్సు’ వచ్చింది. మరోపక్క 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయపు ఇడుపులపాయ ఆర్.కె. వ్యాలీ క్యాంపస్, కర్నూలు జగన్నాథగట్టు మీద ఐఐఐటీడీఎం వంటి విద్యాసంస్థలు వెలిశాయి. కంప్యూటర్ విద్య చదివిన పిల్లలున్న ఇళ్లలో పాత కంప్యూటర్‌ను ఫైర్‌వాల్‌గా మార్చే పని ఇప్పుడు అందనంత దూరపు విద్య కాదు.

ఫైబర్ బాక్సు సాధారణంగా తానే రూటర్‌గా పనిచేస్తుంది. దాని వెనక ఫైర్‌వాల్ పెడితే ఇంట్లో ఒకదాని వెనక ఒకటిగా రెండు రూటర్లు ఉన్నట్టవుతుంది. కింద చెప్పుకునే లోపాల్లో కొన్ని ఈ అమరిక నుంచే పుడతాయి.

నిర్ధారణ సూత్రం

చివరి మడికి నీళ్లు అందకపోతే రైతు మడిలో నిలబడి వెతకడు. తూము దగ్గర మొదలుపెట్టి కాలువగట్టు వెంబడి నడుస్తూ, నీళ్లు ఎక్కడిదాకా పారుతున్నాయో, ఎక్కడ ఆగాయో చూస్తాడు. గండి ఆ రెండు చోట్ల మధ్యనే ఉంటుంది. నెట్‌వర్క్ లోపాన్ని వెతికే పద్ధతీ ఇదే. తీగ, పోర్టు, చిరునామా, దారి, చిరునామా మార్పిడి, వడపోత నియమం, పేర్ల సేవ అనే వరసలో కింది నుంచి పైకి పరీక్షించాలి. ఒక్కో పరీక్ష ఒక్క సంగతినే తేల్చాలి. ఒకసారి ఒక్క మార్పే చేసి, ఫలితం చూసి, పనిచేయకపోతే వెనక్కి తీసుకోవాలి. ఒకేసారి నాలుగు మార్చినవారికి నెట్ వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. మళ్లీ పోయినప్పుడు పని మొదటికి వస్తుంది.

తీగ, పోర్టు

ముందు బాక్సు మీద లైట్లు చూడాలి. లాస్ అనే ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లో వెలుగు అందడం లేదని అర్థం. ఆ లోపం ఫైర్‌వాల్‌లో లేదు, వీధి స్తంభం మీదో, గోడ దగ్గర వంగిన తీగలోనో ఉంది. గాలివాన తర్వాత ఇది మామూలే. ఆ ఎర్ర లైటు వెలగకపోతే ఫైర్‌వాల్ పోర్టు లైటు చూడాలి. లైనక్స్‌లో ‘ఐపీ లింక్’ ఆదేశం పోర్టు పనిలో ఉందో లేదో చెబుతుంది. ‘నో క్యారియర్’ అని కనిపిస్తే పోర్టు ఆన్‌లోనే ఉంది కానీ అవతలి నుంచి సంకేతం రావడం లేదన్నమాట. కేబుల్ మార్చి చూడటం ఇక్కడ మొదటి పని.

కేబుల్ పూర్తిగా తెగకుండా సగం చెడటం మరింత మోసకారి. వెయ్యి మెగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. వంద మెగాబిట్‌కు రెండు జతలు చాలు. వందకు అక్కర్లేని జత ఒకటి విరిగితే పోర్టు నోరెత్తకుండా వందకు దిగిపోతుంది. నెట్ వస్తూనే ఉంటుంది, వేగం మాత్రం తొంభై దగ్గర ఆగిపోతుంది. ‘ఈత్‌టూల్’ ఆదేశం ఇచ్చిన జవాబులో వేగం 100 అని ఉంటే లోపం కంపెనీ ప్లానులో కాక కేబుల్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. లోపలికి వచ్చే ప్యాకెట్లలో ‘సీఆర్‌సీ’ తప్పుల లెక్క పెరుగుతూ పోవడమూ చెడ్డ కేబుల్‌కే గుర్తు. రాగి కేబుల్‌ను ఒకే ముక్కగా 100 మీటర్లకు మించి లాగకూడదన్న నియమం పెద్ద పెరడున్న ఇళ్లవారు, పొలంలోని మోటారు షెడ్డుకు తీగ లాగేవారు మరవకూడనిది.

పోర్టుల పేర్లు తారుమారు

పాత లైనక్స్‌లో పోర్టులకు ఈత్‌0, ఈత్‌1 అని కనిపెట్టిన వరసలో పేర్లు పడేవి. ఒకసారి రీస్టార్ట్ అయితే ఆ వరస మారి వ్యాన్, ల్యాన్ తారుమారయ్యే ప్రమాదం ఉండేది. 2013లో సిస్టమ్‌డీ 197తో కార్డు బిగించిన స్థానాన్ని బట్టి ఈఎన్‌పీ2ఎస్0 వంటి స్థిరమైన పేర్లు వచ్చాయి. అయినా కొత్త కార్డు గానీ డిస్కు గానీ బిగించినప్పుడు స్థానాల లెక్క జరిగి ఈఎన్‌పీ2ఎస్0 కాస్తా ఈఎన్‌పీ3ఎస్0 కావచ్చు. నియమాలన్నీ పాత పేరు మీదే ఉండిపోతాయి, కంప్యూటర్ ఎవరినీ ఎరగనట్టు కూర్చుంటుంది. పోర్టు మీద ముద్రించిన మ్యాక్ చిరునామాను (కార్డుకు తయారీలోనే ఇచ్చిన గుర్తింపు అంకెను) తెర మీద కనిపించేదానితో సరిపోల్చి, ప్రతి పోర్టు పక్కన ‘వ్యాన్’, ‘ల్యాన్’ అని కాగితం అంటించడం గంటల పనిని నిమిషాలకు దించుతుంది.

చిరునామా లోపాలు

ఇంటి పరికరాలకు చిరునామాలు పంచే సేవ డీహెచ్‌సీపీ. ఫోనుకో కంప్యూటర్‌కో 169.254తో మొదలయ్యే చిరునామా వచ్చిందంటే అడిగినా ఎవరూ ఇవ్వలేదని, అది తనంతట తాను పెట్టుకుందని అర్థం. దీనికి విరుద్ధమైన లోపం ఇద్దరు పంచడం. పాత వైఫై రూటర్‌ను ఫైర్‌వాల్ వెనక ఉత్త వైఫై కోసం తగిలించి, దానిలోని డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే సగం ఫోన్లకు తప్పుడు గేట్‌వే (బయటికి దారి చూపే పరికరం చిరునామా) అందుతుంది. ఒక ఫోనులో నెట్ వచ్చి, పక్క ఫోనులో రాకపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

బయటివైపు చిరునామా అందకపోవడానికి మరో కారణం ఉంది. కొందరు ఆపరేటర్లు మొదట తగిలించిన పరికరం మ్యాక్ చిరునామాకే లైను ముడిపెడతారు. రూటర్ తీసి ఫైర్‌వాల్ పెట్టగానే లైను పలకదు. ఆపరేటర్‌తో ఆ ముడి విప్పించడమో, పాత మ్యాక్‌ను ఫైర్‌వాల్ వ్యాన్ పోర్టుకు ఇవ్వడమో పరిష్కారం.

అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యేది రెండువైపులా ఒకే చిరునామా శ్రేణి ఉండటం. ఒక ఉదాహరణ తీసుకుంటే, ఫైబర్ బాక్సు చిరునామా 192.168.1.1. కొత్తగా పెట్టిన ఫైర్‌వాల్ ల్యాన్ చిరునామా కూడా, తయారైన నాటి నుంచే, 192.168.1.1. బాక్సు నుంచి ఫైర్‌వాల్ వ్యాన్ పోర్టుకు 192.168.1.2 వస్తుంది, గేట్‌వే 192.168.1.1 అని చెబుతుంది. ఫైర్‌వాల్‌కు ఆ గేట్‌వే తానే. బయటికి పోవాల్సిన దారి తన గడపకే తిరిగి వస్తుంది. ఇంట్లోంచి 192.168.1.1కు పింగ్ (జవాబు కోరే చిన్న ప్యాకెట్) కొడితే జవాబు చక్కగా వస్తుంది కాబట్టి అంతా బాగుందని మోసపోతారు. బాక్సు వరకు చేరామనుకున్నది నిజానికి ఫైర్‌వాల్‌ను కూడా దాటలేదు. ల్యాన్‌ను 192.168.50.1కి మార్చి, పరికరాలను ఒకసారి ఆపి వేస్తే చిక్కు వీడుతుంది.

రూటింగ్ పట్టిక

పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే కృష్ణా నీరు నంద్యాల జిల్లాలోని బనకచెర్ల క్రాస్ రెగ్యులేటర్ దగ్గర మూడు దారులుగా చీలుతుంది. ఒకవైపు తెలుగుగంగ, మరోవైపు శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ, మధ్యలో కర్నూలు–కడప కాలువకు పోయే పాయ. ఏ గేటు ఎంత ఎత్తాలన్నది నీరు ఎవరికి పోవాలన్నదాన్ని బట్టి ఉంటుంది. రూటింగ్ పట్టిక ఫైర్‌వాల్‌కు అలాంటి గేట్ల జాబితా. సరైన పట్టికలో పై ఉదాహరణకు మూడు వరసలు చాలు. 192.168.50.0/24 నేరుగా ల్యాన్ పోర్టు మీద, 192.168.1.0/24 నేరుగా వ్యాన్ పోర్టు మీద, మిగిలినదంతా 192.168.1.1 గుండా. ఈ చివరిదే డీఫాల్ట్ దారి.

పట్టికలో రెండు వరసలు ఒకే గమ్యానికి సరిపోతే ఎక్కువ నిర్దిష్టంగా ఉన్నదే గెలుస్తుంది. నిర్దిష్టత సమానమైతే మెట్రిక్ అనే అంకె తక్కువ ఉన్నది గెలుస్తుంది. అందుకే డీఫాల్ట్ దారి లేకపోవడం ఎంత లోపమో, రెండు ఉండటమూ అంతే లోపం. లైను పోయినప్పుడు పనికొస్తుందని సిమ్ డాంగిల్ కూడా తగిలించినప్పుడు దాని మెట్రిక్ తక్కువగా పడితే ఇంటి రాకపోకలన్నీ ఫైబర్‌ను వదిలి డాంగిల్ వెంట పోతాయి. ల్యాన్ పోర్టుకు పొరపాటున గేట్‌వే రాయడం కూడా రెండో డీఫాల్ట్ దారిని పుట్టిస్తుంది. ల్యాన్ పోర్టుకు గేట్‌వే అక్కర్లేదు.

తిరుగుదారిని చాలామంది మరిచిపోతారు. పోయిన ప్యాకెట్‌కు జవాబు రావాలంటే అవతలివారి పట్టికలోనూ ఇటు దారి ఉండాలి. పోయింది ఒక పోర్టు గుండా, జవాబు వచ్చింది మరో పోర్టు గుండా అయితే లైనక్స్‌లోని ఆర్‌పీ ఫిల్టర్ కఠిన స్థితిలో ఉన్నప్పుడు దాన్ని చప్పుడు లేకుండా పారేస్తుంది.

దారి ఎక్కడిదాకా బాగుందో చెప్పే సాధనాలు రెండు. మైక్ మూస్ 1983 డిసెంబరులో రాసిన పింగ్ అవతలివాడు ఉన్నాడో లేడో చెబుతుంది. వాన్ జాకబ్సన్ రాసిన ట్రేస్‌రూట్ నడుమ ఉన్న మజిలీలను ఒక్కొక్కటిగా చూపిస్తుంది. ఇంటి కంప్యూటర్ నుంచి ఫైర్‌వాల్‌కు, అక్కడి నుంచి బాక్సుకు, తర్వాత బయటి ఇంటర్నెట్‌లో ఉన్న 8.8.8.8కు, చివరికి ఒక వెబ్‌సైట్ పేరుకు పింగ్ కొట్టే నాలుగు మెట్లలో లోపం ఏ మెట్టు మీద ఉందో దాదాపు ఎప్పుడూ తేలిపోతుంది.

ఫార్వర్డింగ్, చిరునామా మార్పిడి

ఫైర్‌వాల్ నుంచి బయటికి పింగ్ పోతుంది, ఇంటి కంప్యూటర్ నుంచి పోదు. ఈ లక్షణం కనిపిస్తే ముందు చూడాల్సినవి రెండు. మొదటిది ఫార్వర్డింగ్. మామూలు లైనక్స్ ఒక పోర్టులో వచ్చినదాన్ని మరో పోర్టులోకి పంపదు. ‘ఐపీ ఫార్వర్డ్’ విలువ 1 చేస్తేనే పంపుతుంది. రీస్టార్ట్ తర్వాతా అది నిలవాలంటే సెట్టింగుల ఫైలులో రాయాలి. ఐపీవీ6కు ఈ మీట వేరుగా ఉంటుంది.

రెండోది నాట్, అంటే ఇంటి చిరునామాను బయటి చిరునామాగా మార్చడం. బాక్సును రూటర్‌గా కాక ఉత్త వారధిగా పనిచేసే బ్రిడ్జ్ స్థితిలో పెట్టి యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో పీపీపీఓఈ ద్వారా ఫైర్‌వాలే లైను అందుకున్నప్పుడు బయటి పోర్టు పేరు మారిపోతుంది. కేబుల్ గుచ్చింది ఈఎన్‌పీ1ఎస్0కే అయినా ఇంటర్నెట్ నడిచేది దానిమీద పుట్టిన పీపీపీ0 మీద. నాట్ నియమం పాత పేరు మీదే ఉంటే అది ఎప్పటికీ వర్తించదు.

బయటి నుంచి ఇంటి కెమెరా చూడాలనుకునేవారికి మరో అడ్డంకి ఉంది. ఐపీవీ4 చిరునామాల కొరత వల్ల చాలా కంపెనీలు ఒక చిరునామాను అనేక ఇళ్లకు పంచుతాయి. ఇందుకు 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న శ్రేణిని 2012లో కేటాయించారు. వ్యాన్ పోర్టు మీద ఈ శ్రేణిలోని చిరునామా కనిపిస్తే ఫైర్‌వాల్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాడు లోపలికి రాలేడు. కంపెనీ నుంచి పబ్లిక్ చిరునామా తీసుకోవడమో, ఇంటి నుంచే బయటికి వీపీఎన్ కట్టడమో మార్గం.

వడపోత నియమాలు

నియమాల్లో వరసే ప్రాణం. ఐపీటేబుల్స్‌లో ఒక ప్యాకెట్‌ను ఆపమన్న వరస పైన ఉంటే, కింద పోనివ్వమన్న వరస ఎంత చక్కగా రాసినా దాని దాకా ప్యాకెట్ చేరదు. అసలైన పీఎఫ్‌లో మాత్రం ‘క్విక్’ అనే మాట లేకపోతే చివరగా సరిపోయిన వరసే చెల్లుతుంది. నియమం మార్చినా పాత సంబంధాలు వెంటనే తెగవు, ఎందుకంటే ఫైర్‌వాల్ నడుస్తున్న ప్రతి సంభాషణనూ ఒక పట్టికలో గుర్తుంచుకుంటుంది. మార్పు పనిచేయలేదని తీర్మానించే ముందు ఆ పట్టికను ఖాళీ చేసి చూడాలి. పరీక్ష కోసం నియమాలన్నీ ఎత్తివేసి, నెట్ వచ్చిందని అలాగే వదిలేయడం మాత్రం తాళం తిరగడం లేదని తలుపు పీకేసినట్టే.

ప్యాకెట్‌ను కళ్లారా చూడటం

ఊహలకు తెర దించే సాధనం టీసీపీడంప్. ఇంటి కంప్యూటర్ నుంచి 8.8.8.8కు ఆగకుండా పింగ్ పంపుతూ, ఫైర్‌వాల్‌లో రెండు కిటికీలు తెరిచి ఒకదానిలో ల్యాన్ పోర్టును, రెండోదానిలో వ్యాన్ పోర్టును గమనించాలి. ల్యాన్‌లోనే ఏమీ కనిపించకపోతే లోపం ఇంటి కంప్యూటర్‌లోనో, దాని కేబుల్ లేదా గేట్‌వే సెట్టింగులోనో ఉంది. ల్యాన్‌లో కనిపించి వ్యాన్‌లో కనిపించకపోతే ఫార్వర్డింగ్, దారి, నియమం ఈ మూడింటిలో ఒకటి అడ్డుపడింది. వ్యాన్‌లో కనిపించినా పంపినవారి చిరునామా 192.168.50.10 అనే ఉంటే నాట్ జరగలేదు. చిరునామా మారి బయటికి పోయి, జవాబు మాత్రం రాకపోతే లోపం బాక్సులోనో, దాని అవతలో ఉంది. జవాబు వ్యాన్‌లోకి వచ్చి ల్యాన్‌లోకి రాకపోతే మళ్లీ నియమాలనే చూడాలి. అయిదు నిమిషాల ఈ పరీక్ష ఫోనులో కస్టమర్ కేర్‌తో మాట్లాడే మనిషికి గట్టి ఆధారం ఇస్తుంది.

సగం తెరుచుకునే పేజీలు

పింగ్ పోతుంది, కొన్ని వెబ్‌సైట్లు వస్తాయి, కొన్ని తెల్లతెరతో ఆగిపోతాయి. పీపీపీఓఈ లైన్లలో ఇది ఎంటీయూ లోపానికి గుర్తు. మామూలుగా ఒక ప్యాకెట్ 1500 బైట్ల వరకు ఉండవచ్చు. పీపీపీఓఈ తనకు 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మిగిలేది 1492. ముక్కలు చేయవద్దన్న గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపితే పోదు, 1464 పోతుంది. తలకట్టుల 28 బైట్లు కలిపితే అవి 1500, 1492 అవుతాయి. ఈ రెండు ఫలితాలూ వస్తే రోగం రూఢి అయినట్టే. టీసీపీ సంభాషణల ఎంఎస్‌ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమాణం) విలువను 1452కు కుదించే నియమం ఒకటి రాస్తే పేజీలు తెరుచుకుంటాయి.

పేర్ల సేవ, గడియారం

8.8.8.8కు పింగ్ పోయి, వెబ్‌సైట్ పేరుకు పోకపోతే లోపం డీఎన్‌ఎస్‌లో ఉంది, రూటింగ్‌లో కాదు. పాత కంప్యూటర్‌ను ఫైర్‌వాల్ చేసినచోట దీనికి ఒక వింత కారణం ఉంటుంది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే డీఎన్‌ఎస్ సంతకాలు చెల్లవు, సురక్షిత వెబ్‌సైట్ల పత్రాలూ చెల్లవు. బ్యాటరీ మార్చితే సరిపోయేదానికి రూటర్ మార్చినవారున్నారు.

కరెంటు, ఎండ, పిడుగు

కరెంటు పోయి వచ్చినప్పుడు ఫైర్‌వాల్ ముందే లేచి, బాక్సు ఇంకా లైను అందుకోకముందే చిరునామా అడిగి ఊరుకోవచ్చు. వ్యాన్ పోర్టును ఒకసారి ఆపి వేయడంతో నెట్ వస్తే కారణం ఇదే. బాక్సును, ఫైర్‌వాల్‌ను ఒకే చిన్న యూపీఎస్ మీద పెట్టడం, కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యే బయోస్ సెట్టింగు ఎంచుకోవడం మేలు.

రాయలసీమ వేసవిలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. గోడ అల్మారాలో కడప బండ అర మీద, తలుపు మూసి పెట్టిన ఫ్యాన్‌లేని పెట్టె మధ్యాహ్నం రెండుకు వేగం తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది. పొద్దున పనిచేసి మధ్యాహ్నం మొరాయించే ఫైర్‌వాల్‌కు ముందు గాలి ఆడేచోటు చూడాలి. మేఘం గర్జించే కాలంలో మిద్దె మీది కెమెరాకు పోయే రాగి కేబుల్ గుండా వచ్చే విద్యుత్ పోటు పోర్టును మాడ్చవచ్చు. ఫైబర్‌లోని గాజు పోగు కరెంటును మోయదు. పిడుగు పడ్డ మర్నాడు ఒక్క పోర్టు మాత్రమే పలకకపోతే సెట్టింగులు తవ్వడం మాని కార్డు మార్చాలి.

ముందుజాగ్రత్త

లోపం రానప్పుడు చేసుకున్న పనే లోపం వచ్చినప్పుడు ఆదుకుంటుంది. పోర్టుల పేర్లు, మ్యాక్ చిరునామాలు, చిరునామా శ్రేణులు, అంతా బాగున్ననాటి రూటింగ్ పట్టిక, లైను యూజర్ పేరు ఒక కాగితం మీద రాసి పెట్టె పక్కనే ఉంచాలి. సెట్టింగుల నకలు వేరే పెన్‌డ్రైవ్‌లో దాచాలి. ప్రతి మార్పుకూ తేదీ వేసి ఒక వాక్యం రాయాలి. నెట్ పోయిన రాత్రి ఇంటర్నెట్‌లో వెతికే వీలుండదు. అప్పుడు చేతికందేది ఆ కాగితమే.